శుక్రవారం ఎవరిది, సోమవారం ఎవరిది?

2025 జూలైలో జేమ్స్ గన్ అనే దర్శకుడు డీసీకి తీసిన సూపర్‌మేన్ వచ్చి వెళ్ళినప్పటి నుంచీ ఒక మాట తెగ తిరుగుతోంది. సూపర్‌హీరో సినిమాలకి మార్వెల్, డీసీ లాంటి స్టూడియో పేరు చూసి జనం వచ్చే రోజులు పోయాయట, ఇక దర్శకుడి పేరే బ్రాండట. ఇంగ్లీషు సైట్లలో ఎవరో రాస్తారు, మన యూట్యూబు విశ్లేషకులు దాన్నే తెలుగులో తిప్పి చెప్తారు, వారం తిరిగేసరికి అది మా ఇంట్లో అన్నాల దగ్గరికి వచ్చేస్తుంది. మా బావమరిది బెంగుళూరులో ఉద్యోగం చేస్తాడు. శుక్రవారం రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి తిరుపతిలో దిగుతాడు. "ఇంగ మార్వెల్ లేదు, డీసీ లేదు బావా. డైరెక్టరెవురో చూసుకోని టికెట్ కొనే కాలమొచ్చేసింది" అని పప్పు కలుపుకుంటా తేల్చేశాడు.

వాడి వాదనకి ఆధారం లేకపోలేదు. అదే ఏడాది మార్వెల్ నుంచి మూడు సినిమాలొచ్చాయి. అందులో ఫెంటాస్టిక్ ఫోర్ ప్రపంచమంతా కలిపి 52 కోట్ల డాలర్ల దగ్గర ఆగింది, థండర్‌బోల్ట్స్ 40 కోట్లు కూడా దాటలేదు. గన్ సినిమా 61 కోట్ల పైన తెచ్చింది. చూశావా, స్టూడియో ఓడింది, దర్శకుడు గెలిచాడు అంటాడు వాడు.

కానీ 2013లో ఇదే సూపర్‌మేన్ కథని జాక్ స్నైడర్ తీస్తే 66 కోట్ల పైచిలుకు వచ్చింది. అప్పటి డాలరు విలువే వేరు. అమెరికా వరకూ చూస్తే గన్‌దే పైచేయి, ప్రపంచమంతా కలిపితే స్నైడర్‌దే. ఇందులో దర్శకుడి గెలుపు ఎక్కడుందో, సూపర్‌మేన్ అనే ఎర్ర గుడ్డ గెలుపు ఎక్కడుందో విడదీసి చెప్పమంటే మా వాడు మజ్జిగ పోసుకున్నాడు.

నా మటుకు నేను అనుకునేది ఇది. మొదటి రోజు, అంటే శుక్రవారం, జనాన్ని హాలు దాకా రప్పించేది తెరమీది మనిషి. ఆ ముసుగు, ఆ సుత్తి, ఆ సాలెగూడు. స్టూడియో పేరు దానికి పూచీ మాత్రమే పడుతుంది, అదీ కొన్నాళ్ళే. దర్శకుడి సత్తా సోమవారం నుంచి బయటపడుతుంది. ఈ రెండు రోజుల్నీ కలిపేసి ఒకే ప్రశ్న వేస్తున్నారు కాబట్టే ఎవరికి తోచిన జవాబు వాళ్ళకి దొరుకుతోంది.

సుత్తి శబ్దం కోసం కూర్చున్న జనం

2019 ఏప్రిల్‌లో ఎండ్‌గేమ్ తెలుగు ఆట ఇక్కడే చూశాను. ఆ హాలు అరుపులు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి. మార్వెల్ అక్షరాలు తెరమీద పడగానే ఈలలు. మన పెద్ద హీరోలకి తప్ప ఒక కంపెనీ పేరుకి ఈల పడటం అంతకుముందు నేను చూళ్ళేదు. విలన్ థానోస్‌కి తెలుగులో రానా గొంతు ఇచ్చాడు కదా, వాడు నోరు తెరవగానే వెనక వరసలోంచి ఎవడో "రేయ్, భల్లాలదేవుడొచ్చినాడ్రో" అని అరిచాడు, హాలంతా గొల్లుమంది. కెప్టెన్ అమెరికా థార్ సుత్తి పట్టుకున్నప్పుడు కాగితాలు ఎగిరాయి.

అయిపోయాక ఎవరూ లేవలేదు. చివర్లో ఏదో ముక్క వస్తుందని పదేళ్ళుగా అలవాటు చేశారు కదా. పేర్ల వరస నడుస్తోంది, దర్శకులు ఆంథొనీ రూసో, జో రూసోల పేర్లు వచ్చాయి, పోయాయి. ఈల సంగతి దేవుడెరుగు, అటువైపు చూసినవాళ్ళు కూడా లేరు. పిల్లలు సీట్ల మీద నిలబడి ఐరన్‌మేన్ ఎందుకు చచ్చిపోవాల్సి వచ్చిందో తగువులాడుకుంటున్నారు. పక్కన చీపురూ చేటా పట్టుకుని నిలబడ్డ హాలు మనిషి విసుగొచ్చి, "ఏమీ రాదు సార్, లెయ్యండి. పొద్దున్నించి చూస్తానే ఉండాం. ఆఖర్న టంగు టంగుమని సుత్తి శబ్దం ఒకటి వస్తాది, అంతే" అన్నాడు. అయినా ఎవరూ కదల్లేదు. ఆ సుత్తి శబ్దం విని, అది మొదటి ఐరన్‌మేన్‌లో గుహలో చేసిన ఇనప చొక్కా చప్పుడని ఒక కుర్రాడు ఇంకొకడికి చెప్తుంటే విని, అప్పుడు లేచారు.

279 కోట్ల డాలర్లు తెచ్చిన సినిమా అది. తీసిన అన్నదమ్ములు టీవీ కామెడీల్లోంచి వచ్చినవాళ్ళు. ఆ తర్వాత వాళ్ళే ధనుష్‌ని పెట్టి నెట్‌ఫ్లిక్స్‌కి గ్రే మేన్ తీస్తే మా చిత్తూరు వైపు, అరవ బొమ్మలు మాకూ సొంతమే కాబట్టి, అందరూ దాన్ని ధనుష్ ఇంగ్లీషు సినిమా అన్నారు. ఎండ్‌గేమ్ తీసినవాళ్ళ సినిమా అని ఒక్కరన్నా అనగా నేను వినలేదు. ప్రపంచంలో అంత డబ్బు తెచ్చిన దర్శకుల పేరే మూడేళ్ళకి పనిచేయకపోతే, దర్శకుడి పేరుకి జనం వస్తారనే మాట ఎక్కడ నిలబడుతుంది?

స్టూడియో కూడా ఈ సంగతి బాగా తెలిసే నడుచుకుంది. ఎడ్గార్ రైట్ అనే మంచి పేరున్న దర్శకుడు ఏళ్ళ తరబడి యాంట్‌మేన్ కథ మీద కూర్చున్నాడు. 2014లో స్టూడియోతో పొసగక వెళ్ళిపోయాడు. పేటన్ రీడ్‌ని తెచ్చి పెట్టారు, మరుసటి ఏడాది సినిమా వచ్చింది, 50 కోట్ల డాలర్లు దాటింది. సినిమాల పిచ్చి ఉన్న నాలాంటివాళ్ళు ఉసూరుమన్నారు గానీ టికెట్ల దగ్గర ఏమీ తేడా పడలేదు. స్పైడర్‌మేన్ నో వే హోమ్ 190 కోట్లు తెచ్చింది. దాని దర్శకుడు జాన్ వాట్స్. ఈ పేరు ఇప్పుడే మొదటిసారి వింటున్నవాళ్ళు మీలో ఎంతమంది?

పూచీకత్తు చెల్లని రోజు

అయితే స్టూడియోదే బలం అని ఒప్పేసుకుందామా అంటే, నాకు అక్కడా తేడా కొడుతుంది. ఆ మార్వెల్ అక్షరాలే 2023లో ద మార్వెల్స్ మీద కూడా పడ్డాయి. పేరులోనే పెట్టారు. నాలుగేళ్ళ ముందు కెప్టెన్ మార్వెల్ 110 కోట్ల పైన తెస్తే, ఇది దాదాపు 20 కోట్ల దగ్గర చతికిలబడింది. హాల్లో ఈలలు వేసిన కుర్రాళ్ళంతా ఏమయ్యారు? ఎక్కడికీ పోలేదు, ఇదే ఊళ్ళో ఉన్నారు. కొందరికి పెళ్ళిళ్ళు కూడా అయ్యాయి.

ఈ పతనానికి చెప్పే కారణాల్లో నాకు సబబుగా తోచింది ఒకటే. ఆ పదేళ్ళూ మార్వెల్ పేరు జనాన్ని పిలిచింది ప్రేమతో కంటే భయంతో ఎక్కువ. ఇది చూడకపోతే రాబోయేది అర్థం కాదు, స్నేహితుల మధ్య నోరు మూసుకుని కూర్చోవాలి అన్న భయం. అది ఎండ్‌గేమ్‌తో తీరిపోయింది. కథ అయిపోయింది, ఇక చూడకపోతే పోయేదేముంది? ఈలోపు ఓటీటీలో సిరీస్ మీద సిరీస్ వదిలారు. ఇది అర్థం కావాలంటే ముందు ఆ తొమ్మిది ఎపిసోడ్లు చూడాలి, దానికి ముందు ఇంకో ఆరు. మా ఎదురింటావిడ తన కొడుకు గురించి అన్న మాట నాకు ఏ బాక్సాఫీసు విశ్లేషణ కన్నా గొప్పగా అనిపించింది. "ఈ సినిమాకి ముందు ఇంగోటి చూడాల్నంట, దానికి ముందు ఇంగోటంట. పరీక్షలకన్నా ఇంత చదివినాడా వీడు?" డిస్నీ పెద్దాయన బాబ్ ఐగర్ కూడా 2024లో అదే ఒప్పుకున్నట్టయింది. ఏడాదికి రెండు సినిమాలు, మహా అయితే మూడు, సిరీస్‌లు రెండు చాలన్నాడు.

మధ్యలో ఒక చిత్రం జరిగింది. 2021 ఏప్రిల్‌లో క్లోయీ జావోకి ఉత్తమ దర్శకురాలిగా ఆస్కారు వచ్చింది. నవంబర్లో ఆవిడ తీసిన మార్వెల్ సినిమా ఎటర్నల్స్ వచ్చింది. స్టూడియో పేరుంది, దర్శకురాలి పేరుంది, ఆస్కారు కూడా ఉంది. 40 కోట్ల డాలర్ల దగ్గర ఆగింది. కరోనా రోజులే అనుకోండి, కానీ నెలన్నర తిరక్కుండా అదే కరోనాలో స్పైడర్‌మేన్ 190 కోట్లు తెచ్చాడు. తేడా ఎక్కడుంది? ఎటర్నల్స్‌లో ఉన్న పదిమందిలో ఒక్కరి పేరు కూడా మా వీధిలో పిల్లలకి తెలీదు. స్పైడర్‌మేన్ బొమ్మ ఉన్న చొక్కా గాంధీ రోడ్డు ఫుట్‌పాత్ మీద దొరుకుతుంది.

నోలన్ సంగతేంటి అంటారు

ఈ మాట ఎక్కడ ఎత్తినా అవతలివాళ్ళు తీసే అస్త్రం దర్శకుడు క్రిస్టఫర్ నోలన్. తీయాల్సిందే. నేనూ ఆయన అభిమానినే.

కానీ వరస చూడండి. 1997లో బ్యాట్‌మేన్‌ని నవ్వులపాలు చేసి వదిలారు. ఎనిమిదేళ్ళకి నోలన్ వచ్చి బ్యాట్‌మేన్ బిగిన్స్ తీశాడు. ఎంత మంచి సినిమా తీసినా 37 కోట్ల డాలర్ల దగ్గరే ఆగింది. అప్పటికి ఆయన మెమెంటో తీసిన దర్శకుడు, తెలిసినవాళ్ళకి దేవుడు. తెలిసినవాళ్ళు ఎంతమంది? తర్వాత మూడేళ్ళకి జోకర్‌ని తెచ్చాడు. జోకర్ వేసిన హీత్ లెడ్జర్ చనిపోయిన ఆరు నెలలకి సినిమా విడుదలైంది, డార్క్ నైట్ 100 కోట్లు దాటింది. అప్పటి నుంచే నోలన్ అనే పేరు పోస్టరు మీద పెద్దదయింది. 2023లో ఒక శాస్త్రవేత్త గదుల్లో కూర్చుని మూడు గంటలు మాట్లాడే ఓపెన్‌హైమర్ సినిమాకి మా బావమరిదీ వాడి గుంపూ చెన్నై దాకా బండేసుకుని వెళ్ళారంటే, ఆ పేరు మహిమే. అది ఎక్కడ సంపాదించాడో మాత్రం మరిచిపోకూడదు. నోలన్ బ్యాట్‌మేన్‌కి జనాన్ని తెచ్చాడనడం కన్నా, బ్యాట్‌మేనే నోలన్‌కి జనాన్ని తెచ్చిపెట్టాడనడం న్యాయం.

అందుకే ముసుగు మనిషి లేకుండా కూడా జనం వస్తే అప్పుడు దర్శకుడి పేరుకి విలువ కట్టాలి. ముసుగు మనిషి ఉన్న సినిమాతో కొలవడం కుదరదు. జోకర్‌నే తీసుకోండి. 2019లో టాడ్ ఫిలిప్స్ తీశాడు, 100 కోట్ల డాలర్లు దాటింది, దర్శకుడి దమ్ము అన్నారు. 2024లో అదే దర్శకుడు, అదే నటుడు, అదే పాత్ర, పైగా లేడీ గాగా. మొదటి దానికి అమెరికాలో తొలి మూడు రోజుల్లో 9 కోట్ల 60 లక్షల డాలర్లు వస్తే, రెండో దానికి 4 కోట్లు కూడా రాలేదు. మొత్తం కలిపి 20 కోట్ల దగ్గర పడిపోయింది. జోకర్ పాటలు పాడతాడని ముందే తెలిసిపోయింది కదా, జనం అక్కడే ఆగిపోయారు. వాళ్ళకి కావలసిన జోకర్ అందులో లేడు. ఫిలిప్స్ ఉన్నాడు గదా అని ఎవరూ సర్దుకోలేదు.

గన్ కథ కూడా అంతే. 2014లో ఎవరికీ తెలియని గార్డియన్స్ గుంపుని మార్వెల్‌కి తీసి 77 కోట్లు తెచ్చాడు, నిజమే, అది ఆయన చెయ్యే. అదే మనిషి 2021లో డీసీకి వెళ్ళి సూసైడ్ స్క్వాడ్ తీస్తే 17 కోట్లు కూడా రాలేదు. అదే రోజు ఓటీటీలో కూడా వదిలారు, కరోనా, అన్నీ ఒప్పుకుంటాను. అయినా పేరులో అంత అయస్కాంతమే ఉంటే అంత దారుణంగా ఉండదు కదా.

నాయన చెప్పిన విజయావారు

మా నాయన ముందు ఈ గొడవ ఎత్తితే ఆయన మార్వెల్ దాకా రాడు. "విజయావారి బొమ్మ అంటే చాలు, బండి కట్టుకోని చిత్తూరుకి పోతా ఉంటిమి" అని మొదలెడతాడు. తెరమీద ఆ జెండా ఎగిరితే చాలట, డబ్బులు దండగ కావని ధీమా. నాగిరెడ్డి, చక్రపాణిల నిర్మాణ సంస్థ అది. ఆ నాగిరెడ్డిగారే తర్వాత టీటీడీ బోర్డు ఛైర్మన్‌గా కూడా చేశారు కాబట్టి మా ఊరివాళ్ళకి ఆయన మీద ఇంకో రకం అభిమానం ఉంది. పాతాళభైరవి 1951లో, మాయాబజార్ 1957లో. ఈ రెండూ తీసింది కె.వి. రెడ్డిగారని నాయనకి తెలుసు. కానీ బండి కట్టించింది ఆయన పేరా అంటే, "ఆ వయసులో మాకు డైరెక్టరెవురో యాడ తెలుస్తాది? రామారావు ఉండాడా, ఎస్వీఆర్ ఉండాడా, విజయావారిదా. అంతే" అన్నాడు.

స్టూడియో వాదులు ఎగిరి గంతేసే మాట ఇది. కాసేపాగి నాయన ఇంకోటి కూడా అన్నాడు. "విఠలాచార్య బొమ్మ అయితే మాత్రం హీరో ఎవురని కూడా అడగం. దెయ్యాలుండాయా, మాయలుండాయా చూస్తామంతే." కాంతారావు ఉన్నా సరే, ఎన్టీఆర్ ఉన్నా సరే, అది విఠలాచార్య బొమ్మే. అంటే దర్శకుడి పేరుకి జనం రావడం మనకి కొత్తేమీ కాదు. విఠలాచార్య తన సినిమాలు చాలావాటికి తనే నిర్మాత కూడా. బ్యానరూ ఆయనే, దర్శకుడూ ఆయనే. ఇప్పుడు గన్ కూడా డీసీ స్టూడియోస్‌కి ఇద్దరు అధిపతుల్లో ఒకడిగా కూర్చుని తన సూపర్‌మేన్‌ని తనే తీసుకున్నాడు. అలాంటి మనిషిని చూపించి దర్శకుడు స్టూడియోని ఓడించాడు అనడం నాకు నవ్వొచ్చే సంగతి. కుడిచెయ్యి ఎడమచేతిని ఓడించినట్టు.

విజయావారి ధీమా కూడా ఎల్లకాలం నిలవలేదు. 1968లో అదే బ్యానరు, అదే కె.వి. రెడ్డి, అదే ఎన్టీఆర్, ఉమా చండీ గౌరీ శంకరుల కథ. ఆడలేదు. మాయాబజార్ జట్టే అయినా సినిమాని నిలబెట్టలేకపోయింది. నాయనకి ఆ సినిమా చూసినట్టు గుర్తు కూడా లేదు. దీనికి మార్వెల్ దగ్గర ఉన్న జవాబే విజయా దగ్గరా ఉంది. జెండా చూసి జనం వస్తారు. జెండా కింద చూసింది నచ్చకపోతే మళ్ళీసారి జెండాని నమ్మరు.

ఇంకో చిన్న ముచ్చట చెప్పాలి. 1980లో ఎన్టీఆర్ సూపర్‌మేన్ వేశారు. ఆంజనేయుడి దయవల్ల శక్తులొచ్చే కుర్రాడి కథ. ఎన్టీఆర్ ఆ బట్టల్లో ఎగరడం మా నాయన తరం అంతా నవ్వుకుంటూ గుర్తుచేసుకుంటారు. దర్శకుడెవరంటే ఒక్కరూ చెప్పలేరు. వి. మధుసూదనరావు. ఎన్నో మంచి కుటుంబ కథలు తీసిన పెద్ద దర్శకుడు ఆయన.

అంజనాద్రి కింద ఊళ్ళో హనుమాన్

2024 సంక్రాంతికి హనుమాన్ వచ్చింది. జనవరి 12న మహేశ్‌బాబు గుంటూరు కారం కూడా అదే రోజు. హాళ్ళు ఎవరికెన్ని దొరికాయో, ఎంత గొడవ నడిచిందో మీకు తెలుసు. ప్రశాంత్ వర్మ అప్పటికే మూడు సినిమాలు తీశాడు, పేరున్నవాడే, కానీ ఆ పేరు విని తిరుపతిలో కుటుంబాలు కదిలే రోజులు కావవి. తేజ సజ్జా కుర్రాడు. నిర్మాణ సంస్థ పేరు అడిగితే ఇప్పుడు కూడా నాలుగు సెకన్లు ఆలోచించాలి.

కానీ మా ఊరిని చూడండి. ఏడు కొండల్లో ఒకదాని పేరే అంజనాద్రి. ఆంజనేయుడు పుట్టింది ఇక్కడేనని 2021 శ్రీరామనవమి నాడు టీటీడీ ప్రకటించింది, కర్ణాటకవాళ్ళు కాదు హంపి దగ్గర అన్నారు, ఆ తగువు అలాగే ఉంది. అలాంటి ఊళ్ళో, అంజనాద్రి అనే పల్లెలో ఒక కుర్రాడికి హనుమంతుడి రుధిరమణి దొరుకుతుందనే సినిమా పడింది. మా అత్తగారు ఇరవై ఏళ్ళలో హాలుకి వెళ్ళిన మనిషి కాదు. "ఆంజనేయస్వామి సినిమా అంట, పోదాం పా" అని తనే అడిగింది. ఆవిడకి ప్రశాంత్ వర్మ తెలీదు, సినిమాటిక్ యూనివర్స్ అసలే తెలీదు.

నేను వెళ్ళిన ఆటకి ముందు రెండు వరసల్లో గుండ్లే. కొండ మీద తలనీలాలిచ్చి, దర్శనం చేసుకుని దిగి, రైలుకి ఇంకా టైముందని హాల్లోకి వచ్చిన యాత్రికులు. గంధం ఇంకా ఆరలేదు, తెర వెలుగు పడినప్పుడల్లా పచ్చగా మెరుస్తున్నాయి. చివర్లో హనుమంతుడు కళ్ళు తెరిచే చోట ఆ వరసల్లో పెద్దాయన ఒకాయన లేచి నిలబడి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. వెనకవాళ్ళు కూర్చోమని అరవలేదు.

ఆ శుక్రవారం జనం వచ్చింది ఎవరికోసమో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అలాగని ప్రశాంత్ వర్మని తక్కువ చేయను. ఎందుకంటే ఆ పై వారం సోమవారం వచ్చింది. పండగ వెళ్ళిపోయింది, ఊళ్ళకొచ్చినవాళ్ళు తిరుగు బస్సులెక్కారు, పెద్ద సినిమా హడావుడి తగ్గింది. హనుమాన్‌కి హాళ్ళు పెరిగాయి. సంక్రాంతికి వచ్చిన సినిమాకి పండగ తర్వాత హాళ్ళు పెరగడం ఎంత అరుదో సీడెడ్‌లో, అంటే మా రాయలసీమలో, బొమ్మలు కొనే బయ్యర్‌ని ఎవరినడిగినా చెప్తారు. అది దేవుడి పేరు వల్ల జరిగింది కాదు. దేవుడి పేరు పెట్టుకుని మూడో రోజే దిగిపోయిన సినిమాలు ఎన్ని చూళ్ళేదు మనం? ఉన్న డబ్బుకి ఇంత చూపించాడా అని జనం ముచ్చటపడ్డారు. నవ్వుకున్నారు. అదంతా దర్శకుడి కష్టార్జితం.

మరి అలా సంపాదించిన పేరు తర్వాతి శుక్రవారానికి పనికొస్తుందా? అదే ఏడాది నవంబర్లో దేవకీ నందన వాసుదేవ వచ్చింది. కథ ప్రశాంత్ వర్మది, దర్శకుడు వేరు. హీరో అశోక్ గల్లా, మా జిల్లా గల్లావారి మనవడు. ప్రచారంలో ప్రశాంత్ వర్మ పేరు బాగానే వాడుకున్నారు. చప్పుడు చేయకుండా వెళ్ళిపోయింది. ఆయన తీయలేదుగా, కథేగా ఇచ్చాడు అంటారు. సరే. కానీ బ్రాండ్ అంటే అదే కదా, మనిషి లేని చోట కూడా పేరు పనిచేయడం. హనుమాన్ రెండో భాగం జై హనుమాన్ మీద జనానికి ఆశ ఉంది, నాకూ ఉంది. ఆ ఆశలో హనుమంతుడిది ఎన్ని పాళ్ళో, వర్మది ఎన్ని పాళ్ళో తేలాలంటే ఆయన ఒక మామూలు ప్రేమకథ తీసి విడుదల చేయాలి. ఆ సాహసం చేయడనుకోండి.

ఈగ దగ్గర నా వాదన ఇరుక్కుంటుంది

ఇక్కడిదాకా చదివినవాళ్ళకి రాజమౌళి గుర్తొచ్చే ఉంటాడు. నాకూ మొదటి నుంచీ గుర్తున్నాడు, కావాలనే వాయిదా వేశాను.

2012లో ఈగ. నాని కాసేపటికే చనిపోతాడు. ఆ తర్వాత హీరో ఒక ఈగ. శక్తులున్న చిన్న ప్రాణి పెద్ద విలన్ మీద పగతీర్చుకోవడం కాబట్టి దీన్ని సూపర్‌హీరో సినిమా అనడానికి నాకేం అభ్యంతరం లేదు. ఆ ఈగ చొక్కాలు ఫుట్‌పాత్ మీద అమ్మలేదు. ముసుగు మనిషి లేడు, దేవుడు లేడు, పాత కామిక్కు లేదు. సుదీప్ మా వైపు కన్నడ సినిమాలు చూసేవాళ్ళకి తప్ప పెద్దగా తెలీదు. అయినా మొదటి ఆటకే హాలు నిండింది. నిండింది రాజమౌళి అనే ముద్ర కోసమే. ఇక్కడ నా శుక్రవారం సిద్ధాంతం పనిచేయదు, నిజం.

సమాధానం చెప్పుకోవాలంటే ఒకటి చెప్పుకుంటాను. రాజమౌళి పేరు పనిచేసిన తీరు దర్శకుడి పేరు కన్నా విజయావారి జెండాకి దగ్గర. ఆయన షాట్ ఎలా పెడతాడని ఎవరూ లెక్కేయలేదు. ఒక్కటీ పోలేదు కదా ఇప్పటిదాకా, ఇదీ పోదు అన్న ధీమా. సునీల్‌ని పెట్టి తీసినా ఆడింది, ఈగని పెట్టినా ఆడుతుంది అన్నారు. నలుగురున్న ఇంటికి టికెట్లు, ఆటో, ఇంటర్వెల్లో పిల్లలు అడిగే పాప్‌కార్న్ కలిపితే ఎంతవుతుందో లెక్కేసుకునే మనిషికి కావలసింది ఆ ధీమానే. అది బ్యానర్ ఇస్తే బ్యానర్‌ని నమ్ముతాడు, దర్శకుడిస్తే దర్శకుణ్ణి నమ్ముతాడు. ఇద్దరూ ఇవ్వనప్పుడు తెలిసిన మొహం ఉందా అని చూస్తాడు. మా బావమరిది దీన్ని తప్పించుకోవడం అంటాడు. కావచ్చు. ఎందుకంటే వరసగా హిట్లు తీసిన శంకర్ పేరు ఒకప్పుడు ఇదే ధీమా ఇచ్చేది, రోబో నాటికి అది శిఖరం, భారతీయుడు 2 తర్వాత ఏమైందో చూశాం. అలా కరిగిపోయేదాన్ని దర్శకుడి ఆకర్షణ అనాలా, వరస గెలుపుల ఆకర్షణ అనాలా? నేను రెండోదే అంటాను, కొంచెం అనుమానంతోనే.

ఇంకో మొండి ఉదాహరణ ఉంది, ఇది ఎవరి సిద్ధాంతంలోనూ పట్టదు. 2025 ఆగస్టు చివర్లో మలయాళం నుంచి కొత్త లోక వచ్చింది. దర్శకుడు డొమినిక్ అరుణ్, మనకెవరికీ తెలీదు. నిర్మాత దుల్కర్ సల్మాన్ అయినా తెర నిండా కనిపించేది చంద్ర పాత్రలో కల్యాణి ప్రియదర్శన్. కథకి మూలం కేరళ యక్షిణి, మన పిల్లలకి పేరు కూడా కొత్త. నేను మొదటి వారం వెళ్ళినప్పుడు హాలు సగం ఖాళీ. రెండో వారాంతానికి మా ఆఫీసులో ఆడపిల్లలు గుంపుగా టికెట్లు తీసుకున్నారు. శుక్రవారం పిలిచేవాళ్ళు ఎవరూ లేని సినిమా అది. సోమవారం మీదే బతికింది. దీనికి రెండో భాగం వచ్చినప్పుడు జనం చంద్ర కోసం వెళ్తారు, డొమినిక్ అరుణ్ పేరు మళ్ళీ ఎవరికీ గుర్తుండదు. ఆ అన్యాయం గురించి నాకు బాధే.

మార్వెల్ మాత్రం దీని మీద తన పందెం కాసేసింది. 2024 జూలైలో శాన్ డియాగో కామిక్‌కాన్ వేదిక మీదికి రూసో సోదరుల్ని మళ్ళీ పిలిచింది, కొత్త అవెంజర్స్ సినిమా డూమ్స్‌డే తీసేది వాళ్ళేనంది. ఆ వెంటనే ఆకుపచ్చ అంగీ వేసుకున్న మనిషి ఒకడు ముసుగు తీశాడు, ఐరన్‌మేన్ వేసిన రాబర్ట్ డౌనీ జూనియర్. ఆ వీడియో మా వాట్సాప్ గుంపులన్నింట్లో తిరిగింది. నాకు వచ్చిన ప్రతి ముక్కా ముసుగు తీసే చోట మొదలై అక్కడే ఆగిపోయింది, రూసోలున్న భాగాన్ని ఎవడూ దాచుకోలేదు. సినిమాకి 2026 డిసెంబర్ 18 అని తేదీ వేశారు. అదే రోజుకి డ్యూన్ మూడో భాగం కూడా వేశారు, అది పూర్తిగా డెనీ విల్నవ్ పేరు మీద నిలబడ్డ సినిమా. ఒకే శుక్రవారం, ఒకవైపు స్టూడియో, తెలిసిన మొహం, ఇంకోవైపు దర్శకుడు. తేదీలు మారకపోతే తిరుపతిలో తెలుగు ఆటలన్నీ డౌనీకే పోతాయని నేను రాసిస్తాను. 21వ తేదీ సోమవారం సంగతి మాత్రం రాసివ్వను.